రబ్బరు తేవద్దు

1985లో మన బడిలో నాతోపాటు పదో తరగతి ముగించిన వాళ్లలో చాలామందికి నా పేరు గుర్తు లేకపోయినా నా బొమ్మలు గుర్తుంటాయి. ఆగస్టు పదిహేనుకు నల్లబల్ల నిండా రంగు సుద్దలతో నెమలిని వేసిన అమ్మాయిని నేనే. వీడ్కోలు రోజున అందరూ ఆటోగ్రాఫు పుస్తకాల్లో నాలుగు మంచి మాటలు రాస్తుంటే, అడిగిన ప్రతివాళ్లకూ ఏనుగు బొమ్మ వేసి ఇచ్చాను. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్లు బొమ్మ అన్నది వేయలేదు. చెన్నై ఎగ్మోరులో ఉన్న, 1850లో మొదలైన చిత్రకళాశాలలో చేరాలని ఉండేది. మన డ్రాయింగు మాస్టారు చదివింది అక్కడే. ఇంట్లో కామర్స్ అన్నారు, నేనూ సరే అన్నాను. అంతకు మించి అందులో చెప్పడానికేమీ లేదు.

1990లో బ్యాంకులో చేరాను. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఎక్కువ కాలం చెక్కుల మీది సంతకాలు సరిచూడటమే నా పని. ఖాతా తెరిచేటప్పుడు మనిషి చేసిన నమూనా సంతకం ఒక కార్డు మీద ఉంటుంది. చెక్కు మీది సంతకాన్ని దానితో పోల్చాలి. కొత్తలో మా పై అధికారి ఒక సంగతి చెప్పారు: రెండు సంతకాలు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే ముందు దాన్నే అనుమానించు. ఏ మనిషీ ఒకే సంతకాన్ని రెండుసార్లు చేయలేడు. తొందరలో ఒకలా, తీరికలో ఒకలా, నిలబడి చేస్తే మరొకలా వస్తుంది. కానీ ఆ తేడాలన్నిటి కిందా ఆ మనిషి వేగం ఒకటి ఉంటుంది. అసలు సంతకంలో కలం కాగితాన్ని తాకకముందే కదులుతూ ఉంటుంది, అందుకే గీత సన్నగా మొదలై సన్నగా ముగుస్తుంది. దొంగ సంతకంలో గీత మొద్దుగా మొదలవుతుంది, ఒకే ఒత్తిడితో నెమ్మదిగా సాగుతుంది, ఆగకూడని చోట ఆగి మళ్లీ బయలుదేరుతుంది. అనుమానం వస్తే చెక్కును వెనక్కి తిప్పి వేలితో తడిమేదాన్ని. కలం ఎక్కడ తడబడిందో కాగితం వెనకవైపు చెప్పేది. 2011 సెప్టెంబరులో చెన్నైలో కొత్త క్లియరింగు పద్ధతి వచ్చాక చెక్కు కాగితం మా దాకా రావడం మానేసింది, దాని బొమ్మ మాత్రం కంప్యూటర్‌లో వచ్చేది. పని సులువైంది, కానీ ఆ తడమడం పోయింది. అది పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2022 డిసెంబరులో మన బ్యాచి వాళ్లం మైలాపూరులో ఒకరి ఇంట్లో కలుసుకున్నప్పుడు ఒక స్నేహితురాలు తన ఆటోగ్రాఫు పుస్తకం తెచ్చింది. "ఇది చూడు, నీ ఏనుగు" అని గులాబీ రంగు పేజీ తీసి నా ఒళ్లో పెట్టింది. తొండం ఎత్తి, ఒక మనిషిని కాలు పట్టి లాగుతున్న ఏనుగు. వీపు మీది గీత చెవి దగ్గర మొదలై తోక దాకా ఒక్క ఊపులో పోయింది. ఎక్కడా ఆగలేదు. ఉద్యోగంలో అలవాటైన చూపుతోనే చూశాను. పేజీ తిప్పి వెనక వేలు పెట్టాను. ఒత్తిడి మెడ దగ్గర ఎక్కువ, నడుము దగ్గర తక్కువ, చివర దాదాపు లేదు. పదహారేళ్ల పిల్ల గీత అది. ఆ పిల్ల నేనే అని నమ్మడానికి నాకు కొంతసేపు పట్టింది.

ఆ రాత్రి ఇంట్లో అదే ఏనుగును వేయబోయాను. ఫోనులో ఫొటో తీసుకుని వచ్చాను, దాన్ని చూస్తూ వేశాను. కొలతలు సరిపోయాయి. చెవి చెవిలాగే, కాలు కాలులాగే వచ్చాయి. కానీ గీత చూస్తే వణుకు, మొద్దు మొదలు, మధ్యలో మూడుసార్లు కలం ఎత్తిన గుర్తులు. వేల చెక్కుల్లో చూసిన దొంగ సంతకం నా కాగితం మీదే ఉంది. నా గీతను నేనే దొంగతనంగా నకలు చేస్తున్నాను. నాలుగైదు నెలలు అలాగే గడిచాయి. ఎంత జాగ్రత్తగా వేస్తే అంత పాడైంది. మంచి కాగితం, 4బి పెన్సిలు, పిండిలా మెత్తగా ఉండే రబ్బరు, అన్నీ కొన్నాను. అన్నిటికన్నా ఎక్కువగా అరిగింది రబ్బరే.

ఆ ఏనుగు ఎక్కడిదో మీకు గుర్తుండే ఉంటుంది. మాస్టారు మనల్ని శనివారాలు బస్సెక్కించి పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియానికి తీసుకెళ్లేవారు. అక్కడి అమరావతి శిల్పాల్లో గుండ్రటి ఫలకం ఒకటి ఉంది: నలగిరి ఏనుగు కథ. ఒకే వలయంలో ఎడమవైపు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతున్న ఏనుగు, కుడివైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లిన అదే ఏనుగు. అందరూ పాలరాయి అంటారు కానీ అది పలనాటి సున్నపురాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాల్లో చాలా భాగం తర్వాత లండన్ చేరాయని, ఇక్కడ మిగిలినవాటిని కళ్లారా చూసుకోవాలని మాస్టారు చెప్పేవారు. "మీ తాతలకన్నా ముందే కృష్ణ ఒడ్డు నుంచి మద్రాసు వచ్చిన వాళ్లురా వీళ్లు, నమస్కారం పెట్టి కూర్చోండి" అనేవారు. మనం నిజంగానే నమస్కారం పెట్టి నేల మీద కూర్చునేవాళ్లం.

ఆయన పాఠం రెండు మాటలే. గీత మొదలుపెట్టేముందు అది ఎక్కడ ఆగాలో ఆ చోటును చూడు, పెన్సిలు మొనను చూడకు. రెండోది, రబ్బరు తేవద్దు. తప్పు గీత ఉండనీ, దాని పక్కనే ఇంకోటి గియ్యి, మొదటిది ఉంటేనే రెండోది ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ప్రభుత్వ డ్రాయింగు పరీక్షలు ఉండేవి కదా, ఫ్రీహ్యాండు అవుట్‌లైను, మోడల్ డ్రాయింగు, లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అని. ఆ పరీక్ష రోజున మాత్రమే మనకు రబ్బరు అనుమతి. పరీక్షలకు కావలసిన శుభ్రత వేరు, నేర్చుకోవడానికి కావలసిన ధైర్యం వేరు అని ఆయనకు తెలుసు. ఇంత తెలిసిన మనిషి దగ్గర చదివి, నేను యాభై మూడేళ్ల వయసులో రబ్బరు అరగదీస్తూ కూర్చున్నాను.

నన్ను దారిలో పెట్టింది మా అమ్మ, తనకు తెలియకుండానే. మళ్లీ వచ్చిన ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, ఎనభై దాటిన అమ్మ వాకిట్లో చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తోంది. వేళ్లు వణుకుతాయి, మందులు వాడుతోంది. కానీ పిండి జారుతున్న గీతలో వణుకు లేదు. దగ్గర కూర్చుని చూశాను. ఆమె తన చేతిని చూడటం లేదు. రాబోయే చుక్కను చూస్తోంది. చెయ్యి దానంతట అదే అక్కడికి పోతోంది. ముగ్గుకు రబ్బరు ఉండదు కదా. తప్పితే ఆ మెలికను ఇంకో వైపు తిప్పుకుంటుంది.

ఆ రోజు నుంచి పెన్సిలు మాని ఇండియన్ ఇంకు, స్టీలు పాళీ పట్టుకున్నాను. నా పాత ఏనుగు ఫొటోను ఫోనులోంచి తీసేశాను. ఆగని వాటిని గీయడం మొదలుపెట్టాను. పూక్కడై పూల బజారు దగ్గర పూలు కట్టేవాళ్ల పక్కన, వాళ్లను అడిగి, చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చునేదాన్ని. పూలు కట్టే చేతిని బొమ్మ వేయడం ఎంత కష్టమో, ఎంత సంతోషమో చెప్పలేను. బొటనవేలు దారాన్ని చుట్టి ముడి బిగించి లాగేసరికి మన కన్ను ఇంకా మొదటి చుట్టు దగ్గరే ఉంటుంది. సందేహించడానికి సమయం లేదు. మూర కొలవడానికి ఆమె మోచెయ్యి చాచిన క్షణంలో ఆ గీత పడాలి, లేకపోతే పోయినట్టే. ఒక పొద్దున నలభై చేతులు వేస్తే ముప్ఫై ఎనిమిది పనికిరావు. మిగిలిన రెండింట్లో మాత్రం గీత సన్నగా మొదలై సన్నగా ముగిసింది. కాగితం తిప్పి వేలితో తడిమాను. ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పూలు కట్టే ఆమె నా వంక చూసి, ఏడుస్తున్నావెందుకమ్మా అని తమిళంలో అడిగింది.

ఈ గీత 1985 నాటి గీత కాదు. అది వేగంగా పోయేది, ఇది కొంచెం ఆలోచించి బయలుదేరుతుంది. బరువు కూడా వేరు. కానీ రెండూ ఒకే మనిషివని సంతకాలు చూసిన అనుభవంతో చెప్పగలను.

తర్వాతే మళ్లీ మ్యూజియానికి వెళ్లాను. నలగిరి ముందు నిలబడితే మొదట ఏనుగు కనిపించలేదు. భయపడి పక్కవాళ్లను పట్టుకున్న స్త్రీ కనిపించింది. మేడ కిటికీల్లోంచి వంగి చూస్తున్న జనం కనిపించారు. అప్పుడు మనలో ఎవరం వాళ్లను వేశాం? అందరం ఏనుగునే వేశాం. ఆ కిటికీలు వేయడానికే నాకు మూడు శనివారాలు పట్టింది. కొన్ని ముఖాలు అరిగిపోయి ఉన్నాయి. అక్కడ కాగితాన్ని ఖాళీగానే వదిలాను. కనిపించనిది గీయకు అని మాస్టారు అనేవారు.

స్నేహితురాలి ఆటోగ్రాఫు పుస్తకంలో గులాబీ పేజీ పక్కన ఒక పసుపు పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఆమె అడిగింది, కిందటి నెల అందులో మోకరిల్లిన ఏనుగును వేసి ఇచ్చాను. మొదటి పేజీలో మదమెక్కిన ఏనుగునే ఎందుకు వేశానో, ఈ రెండో ఏనుగును అప్పుడెందుకు వేయలేదో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. కింద తెలుగులో సంతకం పెట్టాను. బ్యాంకులో చేరినప్పటి నుంచీ ఇంగ్లీషులోనే పెడుతూ వచ్చాను.

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున అమరావతి శిల్పాల దగ్గర ఉంటాను. మన బడి వాళ్లు, ఏ సంవత్సరం వాళ్లయినా, పిల్లలతో గానీ మనవలతో గానీ రావాలనుకుంటే రండి. కాగితాలు నా దగ్గర ఉంటాయి. పాళీలు కూడా ఉన్నాయి, ఇంకు తెస్తాను. రబ్బరు మాత్రం తేవద్దు.