పెదనాన్న చేపల బండి: ఎనిమిది నెలల తుప్పు పని

జూన్‌లో మొదలుపెట్టేటప్పటికి నాకు గ్రైండర్ పట్టుకోవడం కూడా రాదు. ఈ రోజుకి చెన్నై రెడ్‌హిల్స్‌లో అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డులో మా పెదనాన్న 1969 మోడల్ మహీంద్రా ఎఫ్‌సీ-150 చిన్న ట్రక్కుకి కొత్త ఫ్లోర్ పడింది, ఇంజన్ తిరుగుతోంది. బ్రేకుల పని మిగిలే ఉంది. నాలాగే ఏమీ తెలియకుండా దిగేవాళ్లకి పనికొస్తుందని చేసిన క్రమంలోనే రాస్తున్నాను.

బండి చూడనివాళ్లకి రెండు మాటలు. దీనికి ముక్కు ఉండదు. జీపు ఇంజన్, జీపు గేర్‌బాక్సే, కానీ క్యాబిన్‌ని ముందుకి జరిపి ఇంజన్ మీద కూర్చోబెట్టారు. డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య రేకు డబ్బా ఉంటుంది, దాని కింద ఇంజన్. అమెరికాలో జీపులు చేసిన విల్లీస్ వాళ్లు 1957 మోడల్‌గా తెచ్చిన డిజైన్ ఇది. మహీంద్రా 1965లో ఇక్కడ మొదలుపెట్టింది. వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, 81 అంగుళాలే కాబట్టి ఇరుకు సందుల్లో కూడా ఇట్టే తిరుగుతుంది. పెదనాన్న దీంట్లో కోట, వాకాడు వైపు నుంచి రొయ్యలు, చేపలు గూడూరు స్టేషనుకి తోలేవాడు. ఉప్పు కలిపిన ఐసు కరిగి, చెక్కల సందుల్లోంచి ఏళ్ల తరబడి చాసిస్ (బండి బరువు మోసే అడుగు చట్రం) మీదికి కారింది. ఆ తర్వాత బండి పశువుల కొట్టంలో ఇరవై ఏళ్లకు పైగా నిలబడిపోయింది.

జూన్

ఫ్లాట్‌బెడ్ మీద గూడూరు నుంచి తెప్పించాం. నాలుగు చక్రాలూ పట్టేసి ఉంటే డ్రమ్ముల చుట్టూ సుత్తితో కొట్టి రెండు వదిలించాం, మిగతా రెండూ ఈడ్చుకుంటూనే ఎక్కాయి. అన్ని కోణాల్లో ఫొటోలు తీశాను, మొత్తం నాలుగు వందల పైన. అయినా చాల్లేదు. వైర్లు, బ్రేకు పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఇంకా దగ్గరగా తీసి ఉండాల్సింది.

మాధవరంలో లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన ఉన్నారు, సూళ్లూరుపేట వైపు మనిషి. ఆయన వచ్చి నా చేతికి చిన్న బాల్‌పీన్ సుత్తి ఇచ్చి, "నాయనా, బండి మొత్తం తట్టుకుంటూ రా. కళ్లతో చూడబాక, చెవితో విను" అన్నారు. గట్టి ఇనుము మీద పడితే ఠంగుమంటుంది, సుత్తి ఎగిరి వెనక్కొస్తుంది. తుప్పు తిన్నచోట అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్ మంటుంది, సుత్తి అక్కడే ఆగిపోతుంది. చప్పుడు మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రం చుట్టాను. డ్రైవర్ కాళ్ల దగ్గర ఫ్లోర్ సగం, రెండు తలుపుల అడుగు అంచులు, క్యాబిన్ వెనక కుడివైపు చాసిస్ రెయిల్ (చట్రం పొడవునా పోయే దూలం) దాదాపు 14 అంగుళాల పొడవు. రెయిల్ మీద తారు పూసిన రేకు ముక్క ఒకటి ఉంది. దాన్ని లేపితే లోపల ఇనుము బిస్కెట్టులా పొరలు పొరలుగా ఊడొచ్చింది.

"రేకు మీద రేకు వేస్తే లోపల నీళ్లకి ఇల్లు కట్టించినట్టే" అన్నారు మేస్త్రీ.

జూలై, ఆగస్టు

ఇక్కడ నేను తప్పు చేశాను. చాసిస్ పని ముందు చేయమని ఆయన చెప్పినా, ఇంజన్ చప్పుడు వినాలన్న ఆశతో దాని మీద పడ్డాను. తర్వాత రెయిల్ వెల్డింగ్‌కి చోటు చాలక గేర్‌బాక్స్, పైపులు అన్నీ మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఆ రెండోసారి విప్పడానికే మూడు ఆదివారాలు పోయాయి. మీరు మాత్రం చాసిస్ అయ్యేదాకా ఇంజన్ జోలికి వెళ్లకండి.

ఇంజన్ హరికేన్, 2,199 సీసీ పెట్రోల్, నాలుగు సిలిండర్లు. పూర్తిగా పట్టేసింది. ఇలాంటప్పుడు సెల్ఫ్ కొట్టడం, బండిని గేర్లో పెట్టి లాగడం చేయొద్దు, రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్), ఎసిటోన్ చెరిసగం కలిపి ఒక్కో సిలిండర్లో 50 మిల్లీలీటర్ల చొప్పున పోశాను. ఎసిటోన్‌కి ఇట్టే మంట అంటుకుంటుంది, దగ్గర్లో వెల్డింగ్, సిగరెట్ ఉండకూడదు. రోజూ సాయంత్రం పుల్లీ ముందు నట్టుకి పొడవాటి స్పానర్ వేసి అటో ఇటో మెల్లగా ఒత్తిడి పెట్టేవాణ్ని. తొమ్మిదో రోజు ఒక అంగుళం కదిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కంప్రెషన్ (సిలిండర్లో పుట్టే ఒత్తిడి) చూస్తే ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు నూరు పీఎస్‌ఐకి అటూ ఇటూగా చూపించాయి, మూడోది సున్నా. ఆయిల్ పోసి చూసినా మారలేదు, అంటే రింగులు కాదు, వాల్వు. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. దీన్నే ఎఫ్-హెడ్ అంటారు. మూడో ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది. హెడ్ విప్పేటప్పుడు ఒక స్టడ్ విరిగింది. విరిగిన మొన మీద నట్టు పెట్టి, నట్టు లోపల వెల్డింగ్ నింపి, ఎర్రటి వేడి తగ్గాక స్పానర్ వేస్తే స్టడ్ దానంతటదే తిరిగి వచ్చేసింది. డ్రిల్ కొట్టి తియ్యాలని చూసేకంటే ఇదే మేలు. వాల్వుకి రోజూ ఆయిల్ చుక్కలు వేసి, రబ్బరు సుత్తితో తట్టి వదిలించాను. పేస్టు వేసి సీటు మీద చేత్తో రుద్ది కూర్చోబెట్టాం.

డిస్ట్రిబ్యూటర్లో పాయింట్ల గ్యాప్ 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. సీసాలో పెట్రోలు వేలాడదీసి స్టార్ట్ చేశాను. గూడూరుకి ఫోన్ చేసి పెదనాన్నకి వినిపించాను. ఆయనకి 81 ఏళ్లు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏరా అబ్బాయ్, మూడోది ఇంకా దగ్గుతోంది కదరా" అన్నాడు. నిజమే. రుద్దిన వాల్వు సీటులోకి కొంచెం దిగింది, క్లియరెన్స్ మళ్లీ సరిచేయకుండానే స్టార్ట్ చేసేశాను. సరిచేశాక దగ్గు పోయింది.

సెప్టెంబరు

విప్పిన చిన్న సామాన్లకి ఎలక్ట్రాలిసిస్ బాగా పనిచేసింది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, ఐదు లీటర్లకి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా, వంట సోడా కాదు. తుప్పు సామాను బ్యాటరీ చార్జర్ నెగటివ్‌కి, టీఎమ్‌టీ కడ్డీ ముక్క పాజిటివ్‌కి. రెండూ తగలకూడదు. ఒక్క రాత్రికి తలుపు కీళ్లు నల్లగా తేలాయి, బ్రష్ పెడితే పొడి రాలిపోయింది. కడ్డీ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి షెడ్డు తలుపులు తీసే ఉంచాలి.

తలుపులు మాత్రం ఇసుక బ్లాస్టింగ్‌కి ఇచ్చి నష్టపోయాను. పలచటి రేకు మీద ఒకేచోట గట్టిగా కొట్టడంతో ఎడమ తలుపు అలలు తిరిగి వచ్చింది. చాసిస్‌కి, చక్రాల రిమ్ములకి బ్లాస్టింగ్ మంచిదే. విశాలమైన రేకులకి గ్రైండర్ మీద వైర్ కప్ బ్రషే చాలు. కళ్లద్దాలు, ముఖానికి షీల్డు రెండూ పెట్టుకోండి, బ్రష్ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి.

అక్టోబరు, నవంబరు

చాసిస్ రెయిల్ నేను ముట్టుకోలేదు. బరువంతా మోసే చోటు, నేర్చుకునేవాడి వెల్డింగ్ అక్కడ పనికిరాదు. మేస్త్రీ తుప్పు భాగం మొత్తం కోసేసి, పాత చానల్ మందమే ఉన్న ప్లేటు వంచి అతికారు. అతుకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోశారు, ఒత్తిడి ఒకే గీత మీద పడకుండా.

ఫ్లోర్ నాది. కోసేముందు రెండు తలుపుల ఖాళీల్లోనూ మూలమట్టం కొలతలు రాసుకుని, యాంగిల్ ముక్కలు అడ్డంగా పెట్టి చుక్కలుగా వెల్డింగ్ (టాక్) వేశాను. లేకపోతే ఫ్లోర్ పోగానే క్యాబిన్ వంగిపోతుంది, తర్వాత తలుపు మూసుకోదు. ఫ్రిజ్ అట్టపెట్టె కోసి నమూనా చేసుకుని, 18 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఇనుప షీటు మీద గీసి కోశాను. ఎనిమిదికి నాలుగు అడుగుల షీటు ఒకటి దాదాపు 28 కిలోలు ఉంటుంది, ఒకటి సరిపోయింది. సీఓటూ వెల్డింగ్ మిషన్ రోజు అద్దెకి తెచ్చాను. ఏకబిగిన గీత లాగితే రేకు వేడికి ఉబ్బుతుంది. ఇక్కడొక అంగుళం, అక్కడొక అంగుళం, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ.

అప్పుడే ఈశాన్య రుతుపవనాలు దిగాయి. ఒక శనివారం సాయంత్రం ఫ్లోర్ అడుగంతా మెరిసేలా గీకి, ప్రైమర్ పొద్దున కొడదామని ఇంటికెళ్లాను. ఆదివారం వచ్చి టార్చి వేస్తే మొత్తం పసుపు చల్లినట్టుంది. చేత్తో ముట్టుకున్న చోట ఐదు వేళ్ల ముద్రలు ఇంకా ముదురుగా తేలి ఉన్నాయి. చెన్నై గాలిలో గీకిన ఇనుము ఒక్క రాత్రి కూడా ఆగదు. అప్పట్నుంచి మధ్యాహ్నంలోపు ప్రైమర్ కొట్టగలిగినంత మేరే గీకుతున్నాను. గ్లవుజులు వేసుకుని, థిన్నర్ గుడ్డతో తుడిచి, వెంటనే రెండు డబ్బాలవి కలిపి కొట్టే ఎపాక్సీ ప్రైమర్. మామూలు రెడ్ ఆక్సైడ్ చవకే, కానీ దాని మీద పై పెయింట్ పడేదాకా తేమ లోపలికి దిగుతుంది. వాన పడే రోజు పెయింట్ డబ్బా మూతే తియ్యను. అతుకులన్నిటికీ సీమ్ సీలర్ పూశాను, అడుగున నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూయలేదు.

డిసెంబరు, జనవరి

పెట్రోల్ ట్యాంకు లోపల గొలుసు ముక్క, కిరోసిన్ వేసి ఊపి కడిగాను. చిల్లు ఉంటే ట్యాంకుకి మీరే వెల్డింగ్ పెట్టకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ అన్నీ తీసేసి, ఎథనాల్‌కి తట్టుకునేవి వేశాను.

పాత సామాన్ల కోసం పుదుపేట, కొత్తవాటి కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు. పుదుపేటలో బండి పేరు చెబితే తల అడ్డంగా ఊపుతారు. సామాను చేతిలో పెట్టి చూపిస్తే మాత్రం, ఒక కుర్రాడు లోపలికెళ్లి పాత జీపుదో దేనిదో అచ్చంగా అలాంటిదే పట్టుకొస్తాడు. రెండు విండో రెగ్యులేటర్లు అలాగే దొరికాయి.

బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, హైడ్రాలిక్ లైను ఒకటే సర్క్యూట్. అంటే ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. అందుకే పాత పైపు ఒక్కటీ ఉంచలేదు. మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంది కాబట్టి గాలి తీయడం దానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. పెడల్ ఇప్పుడు సగంలో గట్టిపడుతోంది, ముందు ఎడమ వీల్ సిలిండర్ మాత్రం ఇంకా చెమరుస్తోంది.

నిన్న ఫోన్‌లో పెదనాన్న హ్యాండ్‌బ్రేక్ చూశావా అని అడిగాడు. ఈ బండికి అది చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ నుంచి ముందు, వెనక చక్రాలకి శక్తిని పంచే పెట్టె) వెనక షాఫ్ట్ మీద చిన్న డ్రమ్ము ఉంటుంది. విప్పి చూస్తే లైనర్ మొత్తం గేర్ ఆయిల్‌తో తడిసి ఉంది. వెనక ఆయిల్ సీల్ పోయింది. "అప్పుడూ అంతే, దిగి చక్రం కింద రాయి పెట్టేవాణ్ని" అన్నాడు. పాత సీల్ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను, శనివారం జనరల్ ప్యాటర్స్ రోడ్డుకి వెళ్లాలి.