దివిటీ ఎత్తి పట్టండి

దీపావళి సాయంత్రం దివిటీలు కొట్టడం పిల్లల సరదా అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మొన్న మా పర్లాకిమిడిలోనే ఒక పెద్దాయన, ‘ఇప్పుడు గోగు పుల్లలెక్కడ తెస్తాం, పిల్లల చేతికి రెండు కాకరపువ్వొత్తులిస్తే సరిపోతుంది’ అన్నారు. సరిపోదండీ. కాకరపువ్వొత్తి మన సంతోషానికి. దివిటీ మన పెద్దలకి. సూర్యుడు తులారాశిలో ఉండగా చతుర్దశి, అమావాస్య ప్రదోషవేళల్లో, అంటే పొద్దుగూకగానే, చేత కాగడా పట్టుకుని ‘పితౄణాం మార్గదర్శనమ్’ చేయాలని శాస్త్రం స్పష్టంగా చెప్పింది. పెద్దలకు దారి చూపించాలి, అంతే.

యమలోకం పరిత్యజ్య ఆగతా యే మహాలయే
ఉజ్జ్వలజ్యోతిషా వర్త్మ ప్రపశ్యంతు వ్రజంతు తే

మహాలయ పక్షంలో మన ఇంటికొచ్చిన పెద్దలు ఈ వెలుగులో దారి చూసుకుంటూ తిరిగి వెళ్లాలి. భాద్రపదంలో రమ్మని పిలిచి, తిలోదకాలిచ్చి, వడలూ పరమాన్నం పెట్టి, తీరా వెళ్లే రోజున వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపకపోతే ఏమనుకుంటారు? ఊరి నుంచి వచ్చిన చుట్టాన్నైనా బస్సెక్కించి వస్తాం కదా.

మా నాన్నమ్మకి ఈ శ్లోకాలేవీ రావు. ఆవిడ పుట్టిల్లు పాతపట్నం, మెట్టిల్లు పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లాక ఆ రెండూ రెండు రాష్ట్రాలయ్యాయి గానీ, ఆవిడకి మాత్రం మహేంద్రతనయ నదికి అటొకటి ఇటొకటి ఉన్న రెండిళ్లే. దీపావళి నాడు మధ్యాహ్నం నుంచే అరుగు మీద కూర్చుని, తాతయ్య పాత పంచె చింపి, గోగు పుల్లల కొసలకి గట్టిగా చుట్టి, నువ్వుల నూనెలో నానబెట్టేది. చీకటి పడుతుండగా మమ్మల్ని వరసగా నిలబెట్టి, ఒక్కో పుల్లా వెలిగిస్తూ ఒక్కో పేరు చెప్పేది. ఇది మీ ముత్తాతది, ఇది మా అత్తగారిది, ఇది మా అమ్మది. తాతయ్య పుల్ల వంతు వచ్చేసరికి, ‘మీ తాతకి చూపు ఆనదురా, కాస్త ఎత్తి పట్టు’ అనేది. మేం చేతులు పైకెత్తి పట్టుకుని, ఆ తర్వాతే నేలకి కొడుతూ ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి’ అని అరిచేవాళ్లం. ఆపైన కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినాలి. అప్పటిదాకా ఒక్క టపాకాయ పేలడానికి వీల్లేదు.

అదే వేళకి ఎదురింటి ఒడియావాళ్లు వాకిట్లో ముగ్గేసి, నైవేద్యం పెట్టి, జనపకట్టెలు వెలిగించి ఆకాశం వైపు ఎత్తేవారు. ‘బడబడువా హో, అంధారరే ఆస, ఆలుఅరే జాఅ’ అని వాళ్ల జేజేమా గొంతెత్తి పిలిచేది. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని. మహాప్రసాదం తిని పూరీ జగన్నాథుడి బైశీ పహాచ మీద, ఆ 22 మెట్ల మీద, దొర్లండని కూడా పాడతారు. మా నాన్నమ్మ గుమ్మంలో నిలబడి ఆ పిలుపు వినిపించినప్పుడల్లా చేతులు జోడించేది. ‘వాళ్ల పెద్దలూ మన పెద్దలూ ఒకే దారిన పోతారు, కబుర్లు చెప్పుకుంటూ పోతారు’ అనేది. ధర్మశాస్త్రం చదివినవాళ్లు ఇంతకంటే బాగా ఏం చెప్పగలరు?

అన్ని పేర్లూ అయ్యాక చివర్న జానెడు పుల్ల ఒకటి మిగిలేది. దాన్ని మా చేతికిచ్చేది కాదు. తనే వెలిగించి, పేరేదీ చెప్పకుండా, అది పూర్తిగా కాలేదాకా పట్టుకుని నిలబడేది. అది పురిట్లోనే పోయిన తన మొదటి బిడ్డ కోసమని అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. బారసాల కూడా కాలేదు, ఇంక పేరెక్కడ? పసిబిడ్డలకి దహనం ఉండదు, తద్దినం ఉండదు, పేరున తర్పణం ఉండదు. కానీ ఉల్కాదానం, అదే ఈ దివిటీ పట్టడం, ఆ బిడ్డని మర్చిపోలేదు చూడండి.

అగ్నిదగ్ధాశ్చ యే జీవా యేఽప్యదగ్ధాః కులే మమ
ఉజ్జ్వలజ్యోతిషా దగ్ధాస్తే యాంతు పరమాం గతిమ్

మా కులంలో అగ్నిసంస్కారం జరిగినవాళ్లూ, జరగనివాళ్లూ అందరూ ఈ జ్యోతితో ఉత్తమగతి పొందాలి. ‘యేఽప్యదగ్ధాః’ దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది. మట్టిలో పెట్టి వచ్చిన ఆ పసికందుకి ఏడాదికొక్కసారి కన్నతల్లి చేతి వెలుగు అందుతుంది. శ్లోకం రాకుండానే నాన్నమ్మ దాన్ని ఆచరించింది, బతికున్నన్నాళ్లూ ఒక్క దీపావళీ తప్పకుండా. ఇంట్లో ఎన్ని ఇబ్బందులున్నా, ఒంట్లో బాగోకపోయినా, ఆ జానెడు పుల్ల ఆగలేదు.

నాన్నమ్మ అస్థికలు ముఖలింగం దగ్గర వంశధారలో కలిపాం. ఈ మధ్యనే సంవత్సరీకాలు అయ్యాయి. తద్దినం పెట్టేవాళ్లకి వసురూపంలో తల్లిదండ్రులు, రుద్రరూపంలో తాతానాన్నమ్మలు అంటాం కదా, నాన్న పక్కన కూర్చుని, ఆయన తన తల్లిని ‘వసురూపాం’ అన్న మాట విన్నప్పుడు ఆ అరుగూ, నూనె చేతులూ కళ్ల ముందు కదిలాయి. ఏడాది లోపల పండగ లేదు కాబట్టి పోయినసారి మా ఇంట దివిటీ వెలగలేదు. ఈ దీపావళికి మొదటిసారి ఆవిడ పేరున పుల్ల కడుతున్నాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగానే చెప్పాలి. తద్దినాల దగ్గర చూస్తున్నాను, తాత పేరు, ముత్తాత పేరు టకటకా చెప్పేస్తారు. ‘నాన్నమ్మ గారి పేరు?’ అని పురోహితుడు అడిగితే మొహాలు చూసుకుంటారు, అప్పటికప్పుడు మేనత్తకి ఫోన్ చేస్తారు. పస్తులుండి మనల్ని పెంచిన మనిషి పేరుకి ఇదా గతి? ఈ రాత్రే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. నాన్నమ్మలు, అమ్మమ్మలు, వాళ్ల అమ్మలు, అందరి పేర్లూ అడిగి రాసుకోండి. పురిట్లో పోయిన బిడ్డలెవరైనా ఉన్నారా అని మెల్లగా, నొప్పించకుండా అడగండి. గోగు పుల్లలు దొరక్కపోతే ఆముదం కొమ్మలు తెచ్చుకోండి, జనపకట్టెలు మా బజార్లో అమ్ముతారు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే కిందికి దిగి వీధిలోకి రండి. ఫోన్లు లోపల పెట్టేయండి. టపాకాయలకి రాత్రంతా ఉంది, ప్రదోషం కాసేపే ఉంటుంది. ఏ పుల్ల ఎవరిదో పిల్లలకి చెప్పి మరీ చేతికివ్వండి.