మేడ మీదికి రెండో హ్యాండ్‌సెట్

కింద హాల్లో ల్యాండ్‌లైన్ మోగినప్పుడు మేడ మీది గదిలో ఉండే అమ్మ మెట్లు దిగివచ్చేలోపే అది ఆగిపోతూ ఉండడంతో, కార్డ్‌లెస్ ఫోనుకు తోడుగా మరో హ్యాండ్‌సెట్ కొన్నాను. దాని ఛార్జరుకు కరెంటు ప్లగ్గు ఉంటే చాలు. టెలిఫోన్ తీగ బేస్‌కు, అంటే హాల్లోని ప్రధాన యూనిట్‌కు, మాత్రమే కావాలి. బేస్, హ్యాండ్‌సెట్ రెండూ డెక్ట్ అనే కార్డ్‌లెస్ ఫోన్ల ప్రమాణానివే అయినా, కంపెనీలు వేరైతే కాల్స్ తప్ప ఫోన్‌బుక్, ఇంటర్‌కామ్ వంటివి పనిచేయకపోవచ్చు కనుక అదే కంపెనీది ఎంచుకున్నాను. బ్యాటరీలను రాత్రంతా ఛార్జింగులో ఉంచి, పొద్దున్నే బేస్ మీద హ్యాండ్‌సెట్‌ను వెతికే బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కిపట్టి, కొత్తదాని మెనూలో రిజిస్ట్రేషన్‌ను ఎంచుకోగా అది పిన్ అడిగింది. ఎప్పుడో మార్చాననుకున్న పిన్ కోసం (అసలు మార్చనే లేదు) అరగంట తల పట్టుకున్నాక, కంపెనీ మొదట పెట్టిన 0000 నొక్కగానే పని పూర్తయింది. అమ్మ మొదటి కాల్ ఇంటర్‌కామ్‌లో నాకే చేసింది, కాఫీ తెమ్మని.