తెల్లవారుజాము అయిదున్నర

పాల సేకరణ యాప్‌ను అసలు డేటాబేస్‌కు కలిపి వారమైంది. నెలల తరబడి ఉత్తుత్తి అంకెలతో నడిచిన పేజీలో మొదటిసారి నిజమైన వరుస కనిపించింది: గేదె పాలు, 4.5 లీటర్లు, వెన్న 6.8 శాతం. ఒళ్లు పులకరించింది.

మర్నాడే కేంద్రం నిర్వాహకుడు ఫోన్ చేశారు. "బాబూ, తెల్లవారుజామున పాలు పోసినవాళ్ల లెక్క నిన్నటి తేదీలో పడుతోంది, చూడండి."

చూస్తే, అన్నీ 5:30కి ముందువే! మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో మేము పెట్టుకున్న సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 5:10కి పోసిన పాలు నా క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) లెక్కలో నిన్న రాత్రి 11:40వి. సమయాన్ని ముందు ఏషియా/కోల్‌కతాకు, అంటే మన భారత సమయానికి మార్చి, ఆ తర్వాత తేదీ తీసేలా ఒక్క ముక్క చేర్చాను. లెక్క కుదిరింది. రైతులకు చెల్లింపులు ఇంకా వెళ్లలేదు, అదే పెద్ద ఊరట. ఆ డబ్బు దాణాకూ పిల్లల ఫీజులకూ పోయేది.

యాప్‌కు చదివే హక్కు మాత్రమే ఉన్న ఖాతా ఇచ్చాం. రైతు కోడ్‌ను క్వెరీలో అతికించకుండా పారామీటర్‌గానే, అంటే విడి విలువగానే పంపుతున్నాం. ఈ రెండింటి విషయంలో మాత్రం మొదటినుంచీ పట్టుబట్టాను.

ఈ రోజు అయిదింటికే లేచి తెర ముందు కూర్చున్నాను. 5:12కి తొలి నమోదు పడింది, ఈ రోజు తేదీతోనే. వెంటనే నిర్వాహకుడికి ఫోన్ చేశాను.