పెళ్లి పందిట్లో ఏ లెన్స్: మూడు ముహూర్తాల లెక్క

మాఘమాసంలో పర్లాకిమిడిలో జరిగిన మా మేనమామ కూతురి పెళ్లితో ఈ లెక్క మొదలైంది. అప్పటికి నా దగ్గర నికాన్ డీ5600 కెమెరా, దానితో వచ్చిన 18–55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ (ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా వస్తుంది) మాత్రమే ఉన్నాయి. స్టూడియో వారు వేరే ఉన్నారు కనుక నా మీద ఏ బాధ్యతా లేదు; అయినా రాత్రి ఒంటిగంట దాటాక, జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీసిన ఆ కాసేపట్లో నేను తీసినవాటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఆ లెన్స్‌ను 55 దగ్గరికి తిప్పితే ఎపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కన్నా తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). సెకనులో 125వ వంతు షట్టర్ కోసం ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే అంకెను, 6400కు పెంచవలసి వచ్చి, పెళ్లికూతురి బుగ్గ మీద ఇసుక చల్లినట్టు గరుకు కనిపించింది. అదే వెలుగులో ఎఫ్ 2.8కు 1600, ఎఫ్ 1.8కు సుమారు 650 చాలు.

ఈ ఒక్క లెక్క చూసుకొని తొందరపడ్డాను. బరంపురంలో చవకగా దొరికిందని పాత 50 ఎఫ్ 1.8 డీ లెన్స్ కొన్నాను. ఆ రకం లెన్స్‌లో ఫోకస్ మోటారు ఉండదు, డీ5600 బాడీలోనూ ఉండదు. కాబట్టి రింగు చేత్తో తిప్పుతూ, కెమెరాలో కన్ను పెట్టి చూసే అద్దంలో, ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చచుక్క వెలిగేవరకు ఆగాలి. పురోహితుడు అంతసేపు ఆగడు. అడగకుండా కొన్నది నేనే కనుక అమ్మినవారిని అనడానికి లేదు.

మోటారు సంగతి పక్కన పెట్టినా, 50 మా ఇళ్లకు సరిపడదని టేపు పట్టుకున్నాకే తెలిసింది. ఈ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. ఫొటోలో పట్టవలసిన వెడల్పును లెన్స్ అంకెతో గుణించి 23.5తో భాగిస్తే మనం ఎంత దూరంలో నిలబడాలో వస్తుంది. వధూవరులు, కన్యాదానం చేసే దంపతులు కలిసి కూర్చుంటే మూడు మీటర్లు కావాలి. 50తో అయితే 6.4 మీటర్లు, 35తో 4.5, 17తో 2.2 మీటర్లు వెనక్కి వెళ్లాలి. వీధిలో వేసిన మా పందిట్లో మండపానికీ మొదటి వరస కుర్చీలకూ మధ్య మూడు మీటర్లు కూడా లేదు. ఆ కాస్తలోనూ వీడియో తీసే అబ్బాయి "మాస్టారూ, కొంచెం పక్కకు జరగండి" అంటూనే ఉంటాడు.

అందుకని ఈసారి కొనేముందు పాత లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర ప్లాస్టర్‌తో అంటించి, వారం రోజులు ఇంట్లో అలాగే వాడాను. ఇబ్బంది అనిపించలేదు. 50ని మార్చి, మోటారున్న 35 ఎఫ్ 1.8 జీ తీసుకున్నాను. బరువు 200 గ్రాములే.

ఫాల్గుణంలో పక్కింటి ఒడియావారి పెళ్లికి దాన్ని పట్టుకెళ్లాను. వరుడికీ వధువుకూ తలమీద తెల్లని బెండు ముకుటాలు ఉంటాయి. ఫోకస్ చుక్కను కెమెరాకే వదిలేస్తే అది ముందుకు పొడుచుకొచ్చిన ముకుటం అంచును పట్టుకొని కళ్లను వదిలేసింది. మీటరన్నర దూరంలో ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా నిలిచే లోతు సుమారు 13 సెంటీమీటర్లే మరి. ఒక్క చుక్కను కంటిమీద పెట్టి, ఎపర్చర్ రంధ్రాన్ని ఎఫ్ 2.8కు తగ్గించాక కుదిరింది. తెలుపు ఎక్కువైతే కెమెరాలో వెలుగును కొలిచే మీటరు మోసపోయి ముఖాలను నల్లగా తీస్తుంది కనుక ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో వెలుతురును, ప్లస్ 0.7కు పెంచాను, మన మధుపర్కాలకూ ఇదే వర్తిస్తుంది. చేతులు కట్టే హాతగంఠి వేళ మాత్రం నా ముందు పెద్దలందరూ గుమిగూడారు. 35తో ఎటు వంగినా వీపులే వచ్చాయి.

వైశాఖంలో మా పెద్దమ్మ మనవడి పెళ్లికి సిగ్మా 17–50 ఎఫ్ 2.8 అద్దెకు తెచ్చాను. 565 గ్రాముల బరువుకు తెల్లవారేసరికి మణికట్టు నొప్పెట్టింది, కానీ మాంగల్యధారణ వేళ పురోహితుడి భుజం పక్కనుంచి 17తో తాళి, ముడివేసే చేతులు, అక్షతలు చల్లే జనం అన్నీ ఒకే ఫొటోలో పట్టాయి. అంచున ఉన్న మా పెద్దమ్మ ముఖం కొంచెం సాగింది. ఆమెకు ఆ ఫొటో ఇంకా చూపించలేదు. తలంబ్రాలకు 250వ వంతు షట్టర్ పెడితే ఫొటోలో అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక కొన్ని ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 100వ వంతుకు దించగానే చారలు పోయాయి, బియ్యం మాత్రం తెల్లని గీతలుగా వచ్చింది. నాకు అదే నచ్చింది.

ఆ రకం 17–50నే ఇప్పుడు ఒకరు వాడినది కొన్నాను. ఈసారి వెనుక నుంచి టార్చి వేసి లెన్స్ లోపల బూజు ఉందేమో చూశాను, 17, 50 రెండు చివర్లలోనూ ఫోకస్ పరీక్షించాను. జ్యేష్ఠంలో కాశీనగర్‌లో పెళ్లి ఉంది. మండపం ముందు ఎంత ఖాళీ ఉంటుందో అడుగులతో కొలిచి చెప్పమని మా బావను అడిగితే తొమ్మిది అడుగులన్నాడు. అంటే 17 దగ్గర సుమారు 3.8 మీటర్ల వెడల్పు పడుతుంది. కుర్చీలవాళ్లు ముందుకు జరగకపోతే మండపం రాటలు రెండూ వస్తాయి.