నా పుస్తకానికి నేనే డబ్బులు పెట్టుకున్నాను

పదకొండేళ్లుగా కథలు రాస్తున్నాను. ఆదివారం అనుబంధాల్లో వచ్చినవి, వెబ్ పత్రికల్లో వచ్చినవి అన్నీ కలిపితే ఇరవై రెండు తేలాయి. వాటిలోంచి పద్నాలుగు ఏరి పుస్తకం వేద్దామని 2024 వేసవి సెలవుల్లో కూర్చున్నాను. మాది తెనాలి. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ పుస్తకానికి పెట్టిన ప్రతి రూపాయీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. "మేడమ్, పుస్తకం వేయాలంటే మనమే డబ్బులివ్వాలా?" అని కొత్తగా రాస్తున్న పిల్లలు అడిగినప్పుడు ఆ నోట్‌బుక్కే ముందు పెడుతున్నాను.

మొదట ముగ్గురు ప్రచురణకర్తలకు పంపాను. ఇద్దరి నుంచి జవాబు రాలేదు. మూడో ఆయన మాత్రం ఓపిగ్గా ఫోన్ చేశారు. "కథలు బాగున్నాయమ్మా. కానీ కథల పుస్తకాలు కదలడం లేదు. పోయినేడు వేసినవే గోడౌన్లో ఉన్నాయి" అన్నారు. బాధేసింది గానీ ఆయన మీద కోపం రాలేదు. తన డబ్బు పెట్టేవాడు ఆలోచించుకోవాలి కదా.

నాలుగో ప్రచురణ సంస్థ వాళ్లు మాత్రం వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు. "మీ కథల్ని మా ఎడిటోరియల్ బోర్డు సెలెక్ట్ చేసింది మేడమ్." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ప్యాకేజీ వివరాలు వాట్సాప్‌లో వచ్చాయి. 85,000 రూపాయలు కట్టాలి. 300 కాపీలు వేస్తారు, నాకు 50 ఇస్తారు. పుస్తకం గుర్తింపు నంబరైన ఐఎస్‌బీఎన్, ఆన్‌లైన్ అమ్మకం, ఆవిష్కరణ సభ అన్నీ వాళ్లే చూసుకుంటారు. అమ్మిన ప్రతి కాపీ మీద పది శాతం రాయల్టీ. ఆ నెల చీటీ ఎత్తుకుంటే డబ్బు సర్దుకుంటుందని మనసులోనే లెక్క వేసుకున్నాను.

అగ్రిమెంటు ఇంగ్లీషులో తొమ్మిది పేజీలుంది. గుంటూరులో వకీలుగా ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి పంపాను. అన్నయ్య సాయంత్రం ఫోన్ చేసి, "డబ్బు నువ్విస్తున్నావా, వాళ్లిస్తున్నారా?" అని అడిగాడు. నేనే అన్నాను. "మరి హక్కులన్నీ వాళ్ల పేరున ఎందుకున్నాయి?" అన్నాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎంత కాలానికని ఒప్పందంలో రాయకపోతే హక్కులు ఐదేళ్ల వరకే ఇచ్చినట్టు లెక్క. ఇందులో అలా వదిలేయలేదు. కాపీరైట్ ఉన్నంత కాలం అని స్పష్టంగా రాశారు. అంటే నేను బతికున్నన్నాళ్లూ, నా తర్వాత 60 ఏళ్లూ. అనువాదం, ఆడియో, సినిమా అన్నీ అందులోనే ఉన్నాయి. రెండేళ్లకు మిగిలిన కాపీల్ని సగం ధరకు నేనే కొనుక్కోవాలన్న షరతు కూడా ఉంది. నా డబ్బుతో వేసిన కాపీల్నే.

నన్ను అంతకంటే గట్టిగా తాకింది వేరే ఉంది. వాళ్లకు ఫోన్ చేసి, "మీ బోర్డుకు ఏ కథ నచ్చిందండీ?" అని అడిగాను. అవతలి మనిషి కాసేపు ఆగి, "అన్నీ బాగున్నాయి మేడమ్" అన్నాడు. ఒక్క కథ పేరైనా చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. పదకొండేళ్లు రాసినదాన్ని ఒక్కరూ తెరిచి చూడకుండానే సెలెక్ట్ చేశారన్నమాట. అక్కడితో ఆ ప్యాకేజీ మాట వదిలేశాను.

వారం రోజులు పుస్తకం ఊసే ఎత్తలేదు. సొంత డబ్బుతో వేసుకుంటే 'ఎవరూ వేయలేదు కాబట్టి తనే వేసుకుంది' అంటారేమోనని భయం. మా ఊళ్లో నా కథలన్నీ మొదట చదివే మాస్టారొకరు ఉన్నారు. ఆయన దగ్గర ఇదంతా వెళ్లబోసుకుంటే, "కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టినప్పుడు మద్రాసులో అచ్చు వేయించుకునేవారు. ఆ తర్వాత రాజమండ్రిలో సొంతంగా ప్రెస్సే పెట్టుకున్నారు. ఆయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదే" అన్నారు. పూర్వం కవికి, కావ్యం అంకితం తీసుకుని డబ్బిచ్చే కృతిభర్త దొరికేవాడు. ఇప్పుడు తెలుగులో కథలూ కవిత్వమూ రాసే చాలామందికి కృతిభర్త వాళ్ల జీతమే. మాస్టారి మాట విన్నాక ధైర్యం వచ్చింది.

మా వీధి చివర డీటీపీ చేసే అమ్మాయికి ఫైళ్లిచ్చాను. పేజీకి 30 రూపాయలు. నేను యూనికోడ్‌లో టైప్ చేసినవాటిని ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లలోకి మార్చేసరికి పొల్లులు చాలాచోట్ల చెదిరిపోయాయి. 'బస్‌స్టాండ్' 'బస్స్టాండ్' అయింది, 'ఫేస్‌బుక్' 'ఫేస్బుక్' అయింది. పద్నాలుగు కథల్లో ఇలాంటివి ఎన్నున్నాయో ఊహించుకోండి. మూడు ప్రూఫులు తీశాం. మొదటి రెండూ నేను చూశాను. మూడోది, రిటైరైన తెలుగు పండితులొకరికి పేజీకి 20 రూపాయల చొప్పున ఇచ్చి చూపించాను. ఇదెందుకు దండగ అని మొదట అనిపించిన మాట నిజం. ఆయన ఎర్ర పెన్నుతో 12వ పేజీలో 'కమల' దగ్గర ఒక సున్నా, 19వ పేజీలో 'విమల' దగ్గర ఒక సున్నా చుట్టి, "వీళ్లిద్దరూ ఒకరేనా అమ్మా?" అని పక్కన రాశారు. ఒకరే. పత్రికలో అచ్చయినప్పుడు కూడా అలాగే వెళ్లిపోయింది. నాతో సహా ఎవరూ పట్టుకోలేదు. ఆ 3,200 రూపాయలు ఇచ్చినప్పుడు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

అంతా సర్దాక 163 పేజీలొచ్చింది. విజయవాడలో ప్రెస్ ఆయన ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపారు. "టీచర్ గారూ, ఫారానికి, అంటే అచ్చు వేసే ఒక్కో పెద్ద కాగితానికి, పదహారు పేజీలు. 160 అయితే పది ఫారాల్లో కూర్చుంటుంది. మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం ఎందుకు?" కథల్లో ఒక్క వాక్యం తీయడానికి మనసొప్పలేదు. నేను రాసుకున్న 'నా మాట' ఐదు పేజీలుంది. బస్సులో తిరిగొస్తూ దాన్ని రెండు పేజీలకు కుదించాను.

ఎన్ని కాపీలు అన్నది ఇంకో టెన్షన్. వెయ్యి వేయాలని నాకు ఆశ. ప్రెస్ ఆయనే వద్దన్నారు. వంద, నూట యాభై అయితే డిజిటల్‌లో వేయించుకోవచ్చు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఎన్ని వేసినా ఒకటే కాబట్టి కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. చివరికి 500 దగ్గర ఆగాను. డెమీ సైజు, 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం, పుస్తకానికి 64 రూపాయలు పడింది. కవర్ బొమ్మ వేసిన చిత్రకారుడికి 5,000 ఇచ్చాను. పుస్తకాలు తెనాలి తేవడానికి 600. మొత్తం 45,600.

ఐఎస్‌బీఎన్‌కు ఒక్క పైసా కాలేదు. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్లో రచయితలు కూడా నేరుగా అప్లై చేసుకోవచ్చు. మనదేశంలో దానికి రుసుం లేదు. ఆ ప్యాకేజీలో దానికి వేరే లైనులో 3,000 రాశారు.

ధర 150 పెడదామనుకున్నాను. షాపుల వాళ్లకు నలభై శాతం కమిషన్ పోతే చేతికొచ్చేది 90, నాకు పడింది 91 రూపాయల 20 పైసలు. అందుకని 175 చేశాను. ప్రచురణ అన్నచోట ఏదో ఒక పబ్లికేషన్స్ పేరు పెట్టమని స్నేహితులన్నారు. నా పేరే వేశాను. 'ప్రతులకు' అన్నచోట మా ఇంటి అడ్రస్.

ప్రచురణకర్తను నేనే కాబట్టి అచ్చయిన పుస్తకాల ప్రతులు లైబ్రరీలకు పంపాలనే 1954 చట్టం ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. నాలుగు కవర్ల మీదా అడ్రసులు నా చేత్తో రాశాను. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ సంతోషమిచ్చింది ఆ సాయంత్రమే.

2025 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో స్నేహితురాలి స్టాల్లో మూడు రోజులు నిలబడ్డాను. అక్కడ, ఫోన్ల మీద, తోటి టీచర్లకు కలిపి 150 చొప్పున 204 అమ్మాను. పోస్టు ఖర్చు కొన్నవాళ్లే పెట్టుకున్నారు. మే 1న పుస్తకాల కోసం తపాలా శాఖ వారి జ్ఞాన్ పోస్ట్ వచ్చాక 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. మన పుస్తకం ప్యాకింగుతో సహా ఆ లోపే తూగుతుంది. మొట్టమొదటి కాపీ మాత్రం డీటీపీ అమ్మాయి కొనుక్కుంది. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఏడో కథ టైప్ చేస్తున్నప్పుడే వాళ్లమ్మకు చదివి వినిపించిందట.

షాపులకు 120 ఇచ్చాను. 70 కాపీలకు 7,350 వచ్చాయి. సమీక్షలకు, లైబ్రరీలకు, ఇష్టమైనవాళ్లకు 58 ఇచ్చాను. మంచం కింద ఇంకా 118 ఉన్నాయి. ఇప్పటికి వచ్చింది 37,950, చేతి నుంచి పడింది 7,650.

ఆ 7,650 గురించి నాకు విచారం లేదు. డీటీపీ, ప్రూఫు, బొమ్మ, అచ్చు: ఇచ్చిన ప్రతి రూపాయికీ ఎదురుగా చేతికొచ్చిన పనుంది, హక్కులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఇలా డబ్బు పెట్టుకోవడం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఎవరో నన్ను ఎంపిక చేశారని అనిపించుకోవడానికి మాత్రం పది రూపాయలు కూడా ఇవ్వను, ఎవర్నీ ఇవ్వనివ్వను.

రెండు షాపుల దగ్గర ఇంకా యాభై కాపీల లెక్క తేలలేదు. దసరా సెలవుల్లో వెళ్లి డబ్బైనా తెచ్చుకోవాలి, పుస్తకాలైనా తెచ్చుకోవాలి.