పాత్రల మధ్య ఒక బాకీ ఉంచండి

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారం రోల్‌ప్లేయింగ్ ఆటకి (ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట) కూర్చునే తెలుగు గుంపులకు ఒకటే మాట: "మేమంతా చిన్ననాటి ఫ్రెండ్స్" అని రాసుకుంటే దాంట్లోంచి ఏ సీనూ పుట్టదు.

నలుగురుంటే, ఒక్కొక్కరు కుడిపక్కవాళ్ల పాత్రతో ఒక్క బంధమే రాయండి. ఆరు జతలకీ రాయబోతే సగం మర్చిపోతారు. రాసిన బంధంలో తీరని లెక్కొకటి ఉండాలి: "వాడి అన్న అప్పు నేను తీర్చాను, వాడికింకా చెప్పలేదు." ఇక గేమ్ మాస్టర్ (కథని నడిపించేవాళ్లు) ఆ అప్పిచ్చిన షావుకారుని సత్రంలో ఎదురుపెడితే చాలు, ఇద్దరూ నోరు విప్పాల్సిందే. ఆ రహస్యం పాత్రల మధ్యే, ఆడేవాళ్ల మధ్య కాదు. అవతల ఆడేవాళ్లకి ముందే చెప్పేయండి, లేకపోతే నిజంగానే నొచ్చుకుంటారు.

2012లో వచ్చిన డంజన్ వరల్డ్ అనే ఇలాంటి ఆటలో సెషన్ చివర తీరిన బంధానికి ఎక్స్‌పీ (పాత్ర ఎదగడానికి పనికొచ్చే పాయింట్లు) ఇచ్చి, దాని బదులు కొత్తది రాయిస్తారు. చాలా మంచి పద్ధతి, ఏ ఆటలోకైనా తెచ్చుకోవచ్చు. ప్రేమ, పెళ్లి లాంటివి మాత్రం అవతలివాళ్లు సరేనంటేనే.